ఒక పంటికి లోడింగ్ వేళలు

నా పై వరసలో ముందున్న పన్ను లారీలో రాలేదు. ఈ మాట మొదటే చెప్పి పెట్టుకోవడం మంచిది. ఎందుకంటే మా ఊరి పెద్దాసుపత్రి రికార్డుల ప్రకారం అది లోడు. నేను బండిని. మా అమ్మాయి దారిలో మాయమైన సరుకు.

మా అమ్మాయికి ఏడాదిన్నర వయసప్పుడు దాన్ని ఒళ్లో కూచోబెట్టుకుని పప్పన్నం తినిపిస్తున్నాను. వీధిలో ఐస్ బండి గంట వినపడింది. అది ఒక్క ఉదుటున లేచి నిలబడింది. దాని నడినెత్తి వచ్చి నా ముందు పంటికి కొట్టుకుంది. దాని నెత్తికి ఏమయిందోనని నాకు రెండు రాత్రులు కంటి మీద కునుకు లేదు, తడిమి తడిమి చూసుకుంటూనే ఉన్నాను. దానికేం కాలేదు. నా పన్ను మాత్రం కదిలింది, నల్లబడింది, చివరికి డాక్టరు పట్టకారుకి అట్టే శ్రమ లేకుండా వచ్చేసింది.

పన్ను పోతే అందం పోతుందని అందరూ అన్నారు. అందం సంగతి నాకంత బాధ లేదు. పోయింది 'స' అక్షరం. సబ్బు అందామని నోరు తెరిస్తే థబ్బు అని బయటికొచ్చేది. సరేనంటే థరే. మా అమ్మాయి పేరు సహజ. నేను పిలిచేది థహజా అని.

నా ఒక్కదాని నోరైతే సర్దుకుపోయేదాన్నే. కానీ అప్పుడే దానికి మాటలు వస్తున్నాయి. మా ఆయన బ్రహ్మయ్య మిర్చి యార్డులో ట్రాలీ ఆటో తోలతాడు, పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకే రావడం. ఆయన దాన్ని బుజ్జమ్మా అంటాడు. మా అత్త ఊరి నుంచి వచ్చినప్పుడు చిట్టెమ్మా అంటుంది. పెట్టిన పేరుతో పిలిచేది నేనొక్కదాన్నే. దాంతో రోజంతా మాట్లాడేదీ నేనే. నేను తొమ్మిదో క్లాసుతో బడి మానేసినదాన్ని. పిల్లకి నా దగ్గర నుంచి ఇంగ్లీషు రాదు, లెక్కలు రావు. మాటలన్నా సరిగ్గా ఇద్దామనుకుంటే అందులోనూ ఒక అక్షరం చెడిపోయిన సరుకు వెళ్తోంది. ఒకరోజు అది స్నానానికి కూచుని చేయి చాపి "థబ్బు" అంది. పక్కింటి ఝాన్సీ అక్క గోడ మీంచి విని, "ఏమే కోటేశ్వరీ, మీ ఇంట్లో థబ్బు అయిపోయిందంటనే, మా ఇంట్లోది పంపియ్యనా" అని నవ్వింది. నేనూ నవ్వాను. లోపలికొచ్చి ఏడ్చాను.

జూన్లో దాన్ని అంగన్‌వాడీలో చేర్చాలి. ఆ లోపల నా నోరు బాగుపడాలి, దాని 'స' బాగుపడాలి. నా కోరిక ఇంతే.

పెద్దాసుపత్రి పళ్ల విభాగంలో డాక్టరు ఫర్జానా గారని ఉన్నారు. చిన్న వయసు, మెత్తటి మాట. నా నోరు చూసి, ఫోటో తీయించి, దవడ ఎముకలో స్క్రూ బిగిస్తామని, దాని మీద పన్ను పెడతామని చెప్పారు. స్క్రూ మెదడులోకి పోదు కదా మేడం అని అడిగాను. పోదన్నారు. రాత్రి పడుకున్నప్పుడు? అప్పుడూ పోదన్నారు.

"పన్ను ఎప్పుడు పెడతారు మేడం?"

"అదే అసలు సంగతి. కొందరికి స్క్రూ బిగించిన రోజే పెట్టేయొచ్చు. కొందరికి కొన్ని వారాలు ఆగి పెడతాం. నీ ఎముక పల్చగా ఉందమ్మా, మూడు నెలలు ఆగుదాం. ఎముక స్క్రూని బాగా పట్టుకున్నాక దాని మీద బరువు పడితే గట్టిగా నిలబడుతుంది. తొందరపడితే కదిలిపోతుంది. అలాగని మరీ ఆలస్యం చేసినా పక్క పన్ను ఆ సందులోకి వాలిపోతుంది. వేళకి చెయ్యాలి. దీన్నే మేం లోడింగ్ అంటాం."

ఆ మాటను గాల్లో వదిలేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఆవిడ దాన్ని రిజిస్టర్లో రాశారు.

స్క్రూ బిగించి, ఆ మూడు నెలలకూ తీసి పెట్టుకునే పన్ను ఒకటి ఇచ్చారు. ఇంటికొచ్చిన రోజే మా అమ్మాయి దాన్ని నా నోట్లోంచి లాగి తన నోట్లో పెట్టుకుంది. మింగితే ఏమయ్యేదో అని ఆలోచించుకుని, ఆ పన్నును గుడ్డలో కట్టి అటక మీద పడేశాను. ఇప్పటికీ అక్కడే ఉంది. పిల్ల మింగే ఎత్తులో లేకపోతే నాకు అంతే చాలు.

చెప్పిన వేళకి వెళ్లాను. ఎముక స్క్రూని బ్రహ్మాండంగా పట్టుకుందన్నారు డాక్టరమ్మ. కుర్చీ వెనక్కి వాలింది. లైటు వెలిగింది. నా కొత్త పన్ను చిన్న ట్రేలో దూది మీద ఉంది. తెల్లగా, అచ్చం నా పక్క పన్నులాగే ఉంది. డాక్టరమ్మ దాన్ని చేతిలోకి తీసుకున్నారు. నేను నోరు తెరిచాను. అప్పుడు తలుపు తోసుకుని అటెండరు మరియదాసు వచ్చాడు.

"ఆపండి మేడం. లోడింగ్ టైము కాలేదంట."

సంగతేమిటంటే, ఆ మధ్య ఆక్సిజన్ సిలిండర్ల లారీ ఒకటి ఆసుపత్రి గేట్లో అడ్డంగా ఆగి, తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి కారును చాలాసేపు ఆపేసింది. ఆయన కార్లోంచే ఉత్తర్వు ఇచ్చారు. ప్రభుత్వ ఆవరణల్లో లోడింగు, అన్‌లోడింగు ఇకమీదట మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడున్నర వరకే జరగాలి. మా ఆసుపత్రి పరిపాలనాధికారి సోమశేఖరరావు గారు ఉత్తర్వు అమలు చేయడానికి రిజిస్టర్లన్నీ తెప్పించుకున్నారు. సిలిండర్ల రిజిస్టర్లో ఎక్కడా లోడింగు అన్న మాట లేదు. పళ్ల విభాగం రిజిస్టర్లో ప్రతి పేజీలోనూ ఉంది. అదీ పొద్దున పది గంటలకు, పదకొండు గంటలకు, జనం మసిలే వేళ.

ఒంటిగంటకి పళ్ల విభాగం మూసేస్తారు. ఒకటిన్నరకి లోడింగ్ మొదలవ్వొచ్చు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసి సోమశేఖరరావు గారు తృప్తిగా తలూపారట. రెండు ఉత్తర్వులూ ఒకదాన్నొకటి ఎక్కడా ఉల్లంఘించడం లేదని.

డాక్టరమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆయన గదికి వెళ్లారు. నా నోట్లో దూది ఇంకా అలాగే ఉంది. ఆయన గోడ మీద ఉత్తర్వు అద్దం కట్టించి పెట్టుకున్నారు, దాని పక్కనే దేవుడి పటం, కొంచెం కిందికి.

"థార్, నా పన్ను..." అన్నాను నేను.

"ఏమ్మా, వెక్కిరింతా?"

"కాదు థార్."

ఆయన నా వైపు చూడటం మానేసి డాక్టరమ్మ వైపు తిరిగారు. సదరు పదమును తమరే వ్రాసితిరా, లేక ఇతరులెవరైనా వ్రాసిరా అని అడిగారు. ఆయన నోటితో కూడా రాతలోనే మాట్లాడతారు. డాక్టరమ్మ తానే రాశానని, అది వైద్యంలో వాడే పదమని చెప్పారు.

"పదం ఏ శాఖదైనా అర్థం ప్రభుత్వానిదే డాక్టర్ గారూ."

"పోనీ సార్, తెలుగులో రాస్తాను. పన్ను ఎక్కించడం అని."

"లారీకి బస్తాలు ఏం చేస్తారు?"

"ఎక్కిస్తారు."

"దాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?"

డాక్టరమ్మ చిన్నగా, "లోడింగ్" అన్నారు.

"చూశారా. తమరు ఏ భాషలో రాసినా ఉత్తర్వు పరిధిలోకే వస్తారు."

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్తే ఆయన కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు. "రూలంటే రూలే కదే. పొద్దున పూట మా బళ్లనీ సెంటర్లోకి రానియ్యరు. నీ పన్నూ నోటికి సెంటర్లోనే ఉందాయె" అన్నాడు. ఆ మాటకి మా అమ్మాయి కూడా నవ్వింది. నవ్వి, అన్నం గిన్నె చూపించి, "థాంబారు" అంది.

సూపరింటెండెంటు గారు మంచాయన. మంచాయన కాబట్టి ఒక కమిటీ వేశారు. దాని పేరు లోడింగ్ వేళల సమన్వయ సంఘం. డాక్టరమ్మ అందులో కూచుని లోడింగు మూడు రకాలని వివరించారట, వెంటనే చేసేది, త్వరగా చేసేది, ఆగి చేసేది. రోగిని బట్టి, ఎముకను బట్టి, వేళను బట్టి చికిత్స ఫలితం మారుతుందని. ఆవిడ తర్వాత ఈ సంగతి నాకు చెప్తున్నప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియక సూది మందు సీసాని అటూ ఇటూ తిప్పుతూ ఉన్నారు. సోమశేఖరరావు గారు అంతా రాసుకుని, అర్థమైందన్నారు. వెంటనే లోడింగు అంటే పాడైపోయే సరుకు, టమాటాల్లాంటివి. త్వరగా లోడింగు అంటే బియ్యం, పప్పులు. ఆలస్య లోడింగు అంటే మాత్రం నిర్లక్ష్యం.

"ఈ కోటేశ్వరి అనే ఆమెది ఏ తరగతి?"

"ఆగి చేసేది సార్."

"జాప్యం ఎవరివల్ల?"

"ఎవరివల్లా కాదు. ఎముక పట్టుకోవాలి కాబట్టి."

"అంటే ఎముక వల్ల. సదరు ఎముకకు తాఖీదు ఇచ్చారా?"

ఇవ్వలేదు. ఆ వారంలోనే ఇచ్చారు. ఎముకకు విడిగా చిరునామా లేదు కాబట్టి అది నా పేరున వచ్చింది. మీ పై దవడ ఎముక మూడు మాసములు జాప్యము చేసినందుకు ఎందువల్ల చర్య తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను అని ఉంది. చర్య అంటే స్క్రూ తీసేస్తారేమోనని భయమేసింది. మా ఆయన పక్కన కూచుని చెప్తుంటే నేను రాశాను. అయ్యా, మా ఎముక చిన్నప్పట్నుంచీ నిదానం, ఇకమీదట తొందరపడుతుంది, క్షమించగలరు. అది రాయడం వల్ల మేలే జరిగింది. ఎముక తప్పు ఒప్పుకున్నట్టు నమోదు చేసుకుని ఫైలు ముందుకు పంపారు.

ఈ లోపల నా పక్క పన్ను కదలడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ అద్దం పెట్టి చూపించారు. సందు వైపు రవ్వంత వాలింది. "ఇంకొన్ని వారాలు పోతే చేసి పెట్టిన పన్ను పట్టదు కోటేశ్వరీ. మళ్లీ కొలతలు తీసుకుని మళ్లీ చేయించాలి" అన్నారు. ఇంట్లో మాత్రం అన్నీ వేళకే జరుగుతున్నాయి. మా అమ్మాయి థూర్యుడు అంది, థముద్రం అంది, ఎండాకాలం థెలవలు అంది. నేను 'స' లేని మాటలు వెతుక్కుని మాట్లాడటం మొదలుపెట్టాను. సాయంత్రం అనకుండా పొద్దుగూకినాక అనేదాన్ని. సంచి అనకుండా బ్యాగు అనేదాన్ని. దాని పేరుకి మాత్రం వేరే మాట దొరకలేదు. బుజ్జమ్మా అని పిలుద్దామని చూశాను, నా నోటికి రాలేదు. ఎంతో ఇష్టపడి పెట్టుకున్న పేరు.

చివరికి మధ్యాహ్నం ఒకటిన్నర తర్వాత పళ్ల విభాగం తెరుచుకునేట్టు ప్రత్యేక అనుమతి వచ్చింది. దాంతోపాటు రెండు షరతులు వచ్చాయి. ఏ లోడైనా ఎక్కించే ముందు ఖాళీ బండిని, ఎక్కించాక లోడు బండిని కాటా వేయించి చీటీ జతచేయాలి. లోడింగు పని రిజిస్టరైన ముఠా కూలీలే చేయాలి.

బండి ఎవరని నేను అడగలేదు. యార్డులో లారీలు తూచే కాటా మీద, ఆ ఇనప పలక మధ్యలో, నన్నొక్కదాన్నే నిలబెట్టారు. ముందో మిర్చి లారీ, వెనకో మిర్చి లారీ. మా అమ్మాయి ఘాటుకు తుమ్ముతూ నా చంక దిగనంది. కాటా మనిషి చీటీ చించి ఇస్తూ, అరవై కేజీలు, ఖాళీ బండి అన్నాడు. మా ఆయన స్నేహితులు చాలాకాలం నన్ను ఆ పేరుతోనే అడిగేవారు, ఖాళీ బండి ఎట్టా ఉంది బ్రహ్మయ్యా అని.

లోడింగు రోజున నేను కుర్చీలో పడుకుని ఉండగా ముఠా మేస్త్రి ఏడుకొండలు, మరో ముగ్గురు, తలపాగాలతో, భుజాన కొక్కేలతో లోపలికొచ్చారు. కొక్కేలు చూసి నేను నోరు మూసుకున్నాను. మేస్త్రి గదంతా కలయచూసి, సరుకెక్కడుంది మేడం అని అడిగాడు. డాక్టరమ్మ ట్రేలో దూది చూపించారు. అతను వంగి చూశాడు. తన ముగ్గుర్నీ పిలిచి చూపించాడు. ఎవరూ నవ్వలేదు.

"సైజు మాకనవసరం మేడం. లోడంటే లోడే. మావోళ్లు ముట్టుకోకండా పైకెక్కిత్తే యూనియను ఊరుకోదు."

"మీ చేతులు నోట్లో పెట్టనివ్వను" అన్నారు డాక్టరమ్మ. ఆవిడ గొంతు పెరగడం నేను అదే మొదటిసారి వినడం.

"మాకు మాత్తరం ఆడకూతురు నోట్లో చెయ్యి పెట్టాలని ఉందా. పని మాదని కాయితంలో ఉండాల. అదీ లెక్క."

రాజీ కుదిరింది. బల్ల దగ్గర్నుంచి కుర్చీ దాకా లోడింగు ముఠాది, కుర్చీ దగ్గర్నుంచి నోటిదాకా డాక్టరుది. నలుగురూ ట్రేకి నాలుగు మూలలా చేతులేశారు. అలవాటు కొద్దీ మేస్త్రి "ఐసా" అన్నాడు. మిగతా ముగ్గురూ "ఐసా" అన్నారు. నా పన్ను గదిలో నడిచి వచ్చింది. వాళ్ల నోట్లో 'స' ఎంత చక్కగా పలికిందో. కళ్లు మూసుకుని విన్నాను.

పక్క పన్నును కొంచెం అరగదీస్తే గానీ కొత్తది పట్టలేదు. పట్టాక డాక్టరమ్మ లైటు పక్కకి జరిపి, ఏదన్నా మాట్లాడమన్నారు. సబ్బు అన్నాను. సాంబారు అన్నాను. సూర్యుడు, సముద్రం, సెలవలు. కూలీలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. మేస్త్రి టోపీలా ఉన్న తలపాగా తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

అక్కడి నుంచి నేరుగా కాటాకి. ఆ వేళకి మా ఆయన ఆటోలో మా అమ్మాయి నిద్రపోతోంది. నేనొక్కదాన్నే పలక ఎక్కాను. యాభై కేజీలు.

రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసిన సోమశేఖరరావు గారికి ఆసుపత్రి చరిత్రలోనే పెద్ద కుంభకోణం దొరికింది. లోడు ఎక్కించాక బండి బరువు పెరగాలి. ఈ బండి పది కిలోలు తగ్గింది. అంటే ఎక్కించిన సరుకు పోగా ముందున్న సరుకూ దారిమళ్లింది. అది మా పిల్ల సార్ అని మా ఆయన చెప్పబోయాడు. పిల్లను దారిమళ్లించినట్టు తమరే అంగీకరిస్తున్నారా అని ఆయన అడిగేసరికి మా ఆయన ఆటో తాళం చెవులు తీసుకుని బయటికి నడిచాడు.

తర్వాతి కాయితంలో అన్‌లోడింగు ఉంది. లోడు ఎక్కిన ప్రతి సరుకూ గమ్యం చేరి దిగాలట. దిగినట్టు రసీదు ఉండాలట. చికిత్స ఫలితం అన్న గడిలో రాయాల్సింది ఆ రసీదు నంబరేనట. పళ్ల విభాగంలో ఇన్నేళ్లుగా ఎన్నో లోడింగులు జరిగాయి, ఒక్క అన్‌లోడింగూ లేదు. కాబట్టి ఫలితాలు శూన్యం. ముందుగా నాతో మొదలుపెడతారని, పన్నుతో సహా హాజరు కమ్మని రాశారు.

పన్ను లేకుండా ఎలా హాజరవుతాను.

మళ్లీ అదే కుర్చీ. ఈసారి సోమశేఖరరావు గారే స్వయంగా వచ్చారు. డాక్టరమ్మ రెండు చేతులూ కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డారు. "అది ఎముకలో నాటుకుపోయింది సార్. రాదు. వేళకి బరువు పెట్టాం కాబట్టి నిలబడింది. అదే ఫలితం" అన్నారు.

"రాదని తమరు అంటున్నారు. తనిఖీ చేసినట్టు ఎక్కడా లేదు."

ఆయన తొడుగు వేసుకుని, కుడిచేతి చూపుడు వేలు, బొటనవేలు నా నోట్లో పెట్టి నా పన్నును పట్టుకున్నారు. ఆ చెయ్యి కదుపుతోంది. నాకు కళ్ల ముందు సబ్బు, సూర్యుడు, సముద్రం కనపడ్డాయి. అంగన్‌వాడీలో బిడ్డ కనపడింది. నేను నోరు మూసుకున్నాను. ఆయన వేళ్లు లోపల ఉండగా.

కావాలని చేసిందని ఆయన రాశారు. భయంతో జరిగిందని డాక్టరమ్మ రాశారు. ఏది నిజమో నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పను. పన్ను మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. ఆయన వేలికి కట్టు కడుతుంటే నేను కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాను.

"సారీ సార్."

రెండు 'స'లూ గంట కొట్టినట్టు పలికాయి. ఆయన తల ఎత్తి నన్ను వింతగా చూశారు. నేను వెక్కిరించడం మానేశానని అప్పుడే నమ్మకం కుదిరినట్టుంది. ఎడమచేత్తో కాయితం లాక్కుని, సరుకు గమ్యస్థానమునందు స్థిరపడినది, బలప్రయోగముచే ధ్రువీకరించడమైనది, అన్‌లోడింగ్ నుండి మినహాయింపు అని రాసి సంతకం పెట్టారు. ఇప్పుడు ఆసుపత్రి గోడ మీద ఒక బోర్డు ఉంది. అన్ని లోడింగులూ సకాలంలో, ఫలితాలు సంతృప్తికరం అని. సిలిండర్ల లారీ ఎప్పటిలాగే పొద్దున్నే వచ్చి గేటుకి అడ్డంగా ఆగుతుంది. దాన్ని ఎవరూ ఏమీ అనరు, దాని రిజిస్టర్లో ఆ మాట లేదు.

ఆసుపత్రి నుంచి నేను నడవలేదు, పరిగెత్తాను. నేను కుర్చీకీ కాటాకీ మధ్య తిరుగుతుండగానే జూన్ వచ్చి వెళ్లిపోయింది, మా అత్త పిల్లను తీసుకెళ్లి అంగన్‌వాడీలో చేర్చేసింది. వదిలేవేళకి గుమ్మం దగ్గర నిలబడ్డాను. పిల్లలు మూలన బొమ్మ ఇటుకలతో ఆడుకుంటున్నారు. మా అమ్మాయి నాకు వీపు పెట్టి కూచుని ఉంది. పన్ను నిలుస్తుందో లేదో తేలేదాకా పలకనని ఎన్నాళ్లనుంచో దాచుకున్న పిలుపు. గొంతు సవరించుకున్నాను.

"సహజా."

తిరగలేదు. మళ్లీ పిలిచాను, ఇంకొంచెం గట్టిగా. పక్కనున్న పిల్లాడు తిరిగి చూశాడు గానీ అది చూడలేదు.

విమల టీచరు లోపల్నుంచి వచ్చింది. "ఎవురు కావాలమ్మా? సహజా? ఆ పేరుతో ఎవురూ లేరే. మీ పాప థహజ కదా. పేరేందని అడిగితే అదే చెప్పింది, మేం అట్టానే పిలుత్తన్నాం. కొత్త రకం పేర్లు పెడతన్నారు కదా ఇప్పుడంతా, అనుకున్నాం."

నేను నేల మీద మోకాళ్ల మీద కూచున్నాను. గట్టిగా పాతుకున్న నా కొత్త పంటి కిందకి నాలుక చివర తెచ్చి పెట్టాను. బాగా వెతుక్కుంటే గానీ ఆ చోటు దొరకలేదు.

"థహజా."

గిరుక్కున తిరిగింది. ఇటుకలు తన్నేసి, తల ముందుకు పెట్టి, నా మీదికి పరిగెత్తుకొచ్చింది. దాని నెత్తి సరిగ్గా నా మూతి ఎత్తులో ఉంది. నేను ఒక చెయ్యి చాపాను. రెండో చేత్తో పన్ను మూసుకున్నాను.